నేరము నెత్తుటిలో నున్నదా?

పఠింపవలసిన వాక్యభాగములు: ఆదికాండము 4:1–16, యెహెజ్కేలు 18, లూకా 23:32–43



రెండు సంవత్సరముల క్రిందట మేమెరిగిన ఒక గ్రామ సంఘములో కోతపండుగ జరిగెను. ప్రతి కుటుంబమువారును తమ పంటలో ప్రథమఫలమును తెచ్చి బల్లయెదుట ఉంచిరి. వడ్లబస్తాలు, గుమ్మడికాయలు, మిరపకాయలు, కాళ్లు కట్టిన కోళ్లు – చూచుటకు కన్నులపండువుగా ఉండెను. వేలముపాట మరునాటికి పెట్టుకొని ఆ రాత్రి గుడికి తాళము వేసిరి. తెల్లవారి చూడగా ఒక వడ్లబస్తా లేదు.

కొంతసేపు ఎవరును ఏమియు అనలేదు. కాని చేరినవారి చూపులన్నియు ఒక్కసారిగా వెనుక వరుసవైపు తిరిగినవి. అక్కడ ఒక ఎరుకల కుటుంబము కూర్చుండెడిది. తల్లి, పదునెనిమిదేండ్ల కుమారుడు, ఇద్దరు చిన్నపిల్లలు. ఆ యువకుని ముందుకు పిలిచి, “రాత్రి ఎక్కడున్నావురా?” అని అడిగిరి. అతడు చెప్పినది ఎవరి చెవికిని ఎక్కలేదు. “ఎన్నాళ్లు గుడికి వచ్చినా జాతిబుద్ధి ఎక్కడికి పోతుంది?” అని పెద్దలలో ఒకరనిరి.

పది దినములకు నిజము బయటపడెను. బస్తాను తీసికొనిపోయినవాడు ఒక సంఘపెద్ద కుమారుడే. గుడి తాళపుచెవి వారి యింటనే ఉండెడిది. పేకాటలో అప్పుపడి బస్తా అమ్ముకొనెను. అప్పుడా పెద్దలే ఏమనిరి? “పాపం, చెడు సావాసంలో పడ్డాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి పొలం పనుల్లో పడి పట్టించుకోలేదు” అనిరి. ఆ పిల్లవాని విషయమై జాతిబుద్ధి అను మాట ఎవరి నోటను రాలేదు.

దొంగతనము ఒక్కటే, బస్తా ఒక్కటే. కాని పరాయివాడు చేసెనని తలచినప్పుడు కారణము నెత్తురు. మనవాడు చేసెనని తెలిసినప్పుడు కారణము సావాసము. ఈ సంగతి మమ్మును చాలాకాలము వెంటాడినది. మనుష్యుడు నేరమెందుకు చేయును? ఈ ప్రశ్నకు విద్వాంసులు నూటయేబది సంవత్సరములుగా ఏమేమి చెప్పుచు వచ్చిరి? వారు చెప్పినదానిని వాక్యపు వెలుగులో మనమెట్లు తీసికొనవలెను? దీనిని మనము కలిసి ఆలోచింతము.

పుట్టుకతో వచ్చిన బుద్ధి

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదని మన ఊళ్లలో అందురు. ఈ సామెతనే శాస్త్రముగా చెప్పిన వైద్యుడొకడు ఇటలీ దేశములో ఉండెను. అతని పేరు చేసరే లోంబ్రోసో. అతడు ఒక బందిపోటుగా పేరుపడినవాని పుర్రెను పరీక్షించి, దాని వెనుకభాగమున ఒక గుంటను చూచెను. మృగములలో కనబడు గురుతు మనుష్యునిలో కనబడినదని తలచి, కొందరు నేరస్థులుగానే పుట్టుదురను సిద్ధాంతమును కట్టి, 1876లో దానిని గ్రంథముగా ప్రకటించెను. పెద్ద దవడ, పొడవైన చేతులు, చేటలవంటి చెవులు మొదలగునవి నేరస్థుని లక్షణములని అతడు వ్రాసెను. లోకమంతటను ఆ మాట వ్యాపించెను.

తరువాత ఇంగ్లాండులో చార్లెస్ గోరింగ్ అను చెరసాల వైద్యుడు సుమారు 3000 మంది ఖైదీలను కొలిచి, వారిని విద్యార్థులతోను సిపాయిలతోను పోల్చి చూచెను. నేరస్థునికని ప్రత్యేకమైన ముఖముగాని పుర్రెగాని లేదని 1913లో ప్రకటించెను. ముఖము చూచి దొంగను పోల్చవచ్చునను శాస్త్రము అక్కడికి కూలినది. మన చూపులలో మాత్రము అది ఇంకను బ్రదికియున్నది.

ఐనను శరీరమునకు నడతతో ఏమియు సంబంధము లేదని చెప్పరాదు. 1848లో అమెరికాలో ఫినియాస్ గేజ్ అను రైలుమార్గపు పనివాని తలలోనుండి ప్రేలుడువలన ఒక ఇనుపకడ్డీ దూసికొనిపోయెను. అతడు బ్రదికెను గాని, నెమ్మదిగలవాడు మోటువాడును నిలకడలేనివాడును ఆయెనని అతని వైద్యుడు వ్రాసియుంచెను. 1993లో హాలెండు దేశములోని ఒక కుటుంబమును గూర్చి ఒక పరిశోధన వెలువడెను. అందులో అనేకులైన పురుషులు త్వరగా కోపించి దౌర్జన్యము చేయుచుండిరి. మెదడులోని కొన్ని రసాయనములను అణచవలసిన ఒక జన్యువు వారిలో చెడిపోయియుండెనని కనుగొనిరి. అట్టి లోపము బహు అరుదు.

ఆ జన్యువే కొందరిలో తక్కువగా పనిచేయును. న్యూజిలాండులోని డునెడిన్ పట్టణమున పుట్టిన పిల్లలను పెద్దవారగువరకు వెంబడించిన పరిశోధకులు దీనిని గూర్చి 2002లో ఒక సంగతి తెలిపిరి. ఆ జన్యువు తక్కువగా పనిచేయు మగపిల్లలలో, బాల్యమున క్రూరముగా హింసింపబడినవారే ఎక్కువగా దౌర్జన్యమునకు దిగిరి. అట్టి జన్యువే యుండి ప్రేమతో పెరిగినవారు అట్లు కాలేదు. తరువాతి పరిశోధనలన్నిటిలోను ఈ సంగతి ఇంత బలముగా కనబడలేదు. ఐనను శరీరమును వెదకుచు పోయినవారు పెంపకము ముంగిట వచ్చి నిలిచిరని గమనించుడి.

మొక్కై వంగనిది

మొక్కై వంగనిది మానై వంగదని మన తల్లులకు తెలియును. లండను నగరములో పిల్లల మనోవ్యాధులకు చికిత్స చేయు జాన్ బౌల్బీ అను వైద్యుడు తనయొద్దకు తేబడిన 44 మంది దొంగపిల్లలను గూర్చి 1944లో ప్రకటించెను. వారిలో 14 మంది ఎవరిమీదను ప్రేమ నిలువని పిల్లలు. తిట్టినను కొట్టినను ముద్దాడినను వారికి ఒకటే. ఆ 14 మందిలో 12 మంది పసితనమున తల్లినుండి చాలాకాలము ఎడబాటైనవారని అతడు కనుగొనెను.

దొంగిలించు పిల్లవాడు వస్తువును మాత్రమే వెదకుట లేదు. తాను పోగొట్టుకొనిన మరిదేనినో వెదకుచున్నాడని ఇందువలన మనకు తోచును. ఐనను తల్లిలేని ప్రతి బిడ్డయు దొంగ కాలేదు. అవ్వలు, పిన్నమ్మలు, హాస్టలు ఆయాలు పెంచగా ఉపాధ్యాయులు, బైబిలు స్త్రీలు ఐనవారిని మనమెరుగుదుము. పిల్లవానికి కావలసినది తనను విడువని మనుష్యుడొకడు. ఆ మనుష్యుడు దొరికినచోట మొక్క వంగును.

ఆరు నెలల సావాసము

ఆరు నెలలు సావాసము చేసిన వారు వీరగుదురని మూడవ సామెత. అమెరికాలోని చికాగో నగరములో క్లిఫర్డ్ షా, హెన్రీ మెక్కే అను ఇద్దరు పండితులు దశాబ్దముల తరబడి బాలనేరస్థుల కోర్టు లెక్కలను తీసి, ఏ బాలుడు ఏ పేటవాడో పటముమీద గుర్తించుచు వచ్చిరి. కార్ఖానాలప్రక్కనున్న బీదపేటలలో నేరము ఎక్కువ. ఆ పేటలలో మొదట ఒక దేశమువారు కాపురముండిరి; వారు లేచిపోగా మరియొక దేశమువారు వచ్చిరి; వారి తరువాత ఇంకొకరు వచ్చిరి. మనుష్యులు మారిరి, భాష మారెను, పేటలోని నేరముల లెక్క మాత్రము దాదాపుగా మారలేదు. అక్కడనుండి మంచి పేటలకు పోయిన జాతులవారిలోనైతే నేరము తగ్గెను. 1942లో వారు దీనిని గ్రంథముగా ప్రకటించిరి. నేరము నెత్తుటిలోనే ఉండినయెడల ఆ నెత్తురు ఇల్లు మారగానే ఎట్లు మారెను?

అట్లైన బీదతనమే నేరమునకు మూలమందమా? ఎడ్విన్ సదర్లాండ్ అను మరియొక అమెరికా పండితుడు నేరము ఇతరులయొద్ద నేర్చుకొనబడునదేనని బోధించెను. అతడే 1939లో పండితుల సభయందు ధనవంతుల నేరములను గూర్చి ప్రసంగించెను. మంచి బట్టలు కట్టి, కుర్చీలో కూర్చుండి, దొంగలెక్కలతోను లంచముతోను చేయు దొంగతనము గోడకు కన్నము వేయు దొంగతనముకంటె దేశమునకు ఎక్కువ నష్టము కలిగించుననియు, దానికి ఆకలిగాని మురికిపేటగాని కారణము కాదనియు చెప్పెను. తూకములో మోసగించు దుకాణదారుని, పొలపు గట్టు జరుపుకొను ఆసామిని, సంఘపు సొమ్ము వాడుకొను కోశాధికారిని మనమును ఎరుగుదుము. వారి జాతిని ఎవరును అడుగరు.

మన దేశములో జరిగినది

ఈ సిద్ధాంతములు పుస్తకములలోనే యుండినయెడల మనకింత పని లేకపోవును. కాని నేరము నెత్తుటిలో నున్నదను తలంపు మన దేశములో చట్టమాయెను.

1871లో ఆంగ్ల ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసెను. ఈ దేశములో వడ్రంగి కొడుకు వడ్రంగియు, నేతగాని కొడుకు నేతగాడును అగునట్లు, దొంగ కొడుకు దొంగయే యగునని దానిని చేసినవారు వాదించిరి. మొదట ఉత్తర హిందూస్థానములో ఉండిన ఆ చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వచ్చెను. ఒక జాతిని నేరజాతియని ప్రకటించినంతనే ఆ జాతివారి పేర్లు పోలీసు పుస్తకములో ఎక్కించి, వ్రేలిముద్రలు తీసికొనవచ్చును. వారు చెప్పిన వేళకు హాజరు పలుకవలెను. పాసు లేక ఊరు దాటరాదు. పిల్లలను తల్లిదండ్రులయొద్దనుండి వేరుచేసి బడులలో ఉంచుటకును చట్టము అధికారమిచ్చెను. పసిబిడ్డకు తల్లి యెడబాటు ఎంత హానియో బౌల్బీ వ్రాయకముందే, దొంగతనమును మాన్పుటకని బిడ్డను తల్లినుండి తీసిరి!

తెలుగు జిల్లాలలో ఆ పుస్తకములోనికి ఎక్కినవారిలో ఎరుకలవారు ఒకరు. వారు అంతకుముందు ఏమి చేయుచుండిరి? గాడిదలమీదను ఎద్దులమీదను సముద్రతీరమునుండి ఉప్పు మోసికొనిపోయి, లోపలి గ్రామములలో ధాన్యమునకు మార్చుచుండిరి. బుట్టలు అల్లుచు, సోదె చెప్పుచు, ఊరూర తిరుగుచుండిరి. రైళ్లు వచ్చి సరకు వాటిమీద పోయెను. ఉప్పుమీద సర్కారు పన్నులును కట్టడులును బిగిసెను. అడవి చట్టములవలన వెదురును పశువులమేతయు అందకపోయెను. 1876–78 నాటి గొప్ప కరవులో పశువులు చచ్చెను. ఇన్ని దారులు మూసికొనిపోయిన తరువాత కొందరు దొంగతనమునకు దిగిరి. ఆ కొందరినిబట్టి తొట్టిలోని బిడ్డవరకు అందరును దొంగలని వ్రాసికొనిరి.

ఇందులో మన సంఘములకును పాలున్నది. బాపట్ల ప్రక్కనున్న స్టువర్టుపురమును 1913 ప్రాంతమున సర్కారుతో కలిసి రక్షణ సైన్యమువారు నడిపిరి. మద్రాసు ప్రభుత్వమందు సభ్యుడైన హెరాల్డ్ స్టువర్టు దొరపేర ఆ ఊరు వెలసెను. కావలిలో అమెరికన్ బాప్తిస్తు మిషనువారు అట్టి సెటిల్‌మెంటునే నడిపిరి. అక్కడ బడులు పెట్టిరి, పని నేర్పిరి, రోగులకు మందులిచ్చిరి, సువార్త చెప్పిరి. ఇది నిజము. ఒక చేత సువార్తను, మరియొక చేత హాజరుపుస్తకమును పట్టుకొనిరనుటయు నిజమే. క్రీస్తునందు నూతన సృష్టియైతివని ఆదివారము చెప్పి, నేరజాతివాడవని సోమవారము హాజరు పిలిచిరి. వారిని నిందించుట మా ఉద్దేశము కాదు; ఆ కాలమున మనమున్నను బహుశః అట్లే చేసియుందుము.

మద్రాసు రాష్ట్రములో ఈ చట్టము 1947లో రద్దాయెను. మన తిరుపతి ప్రాంతపువారైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షులుగా నున్న విచారణ సంఘము దేశమంతట దీనిని తీసివేయవలెనని సలహా యిచ్చెను. 1952 ఆగస్టు 31న ఆ చట్టము దేశమంతటను పోయెను. ఎరుకలవారు నేడు షెడ్యూల్డు తెగలలో నున్నారు. ఐనను పుస్తకములోనుండి కొట్టివేసిన మాట మనస్సులోనుండి అంత త్వరగా పోదు. ఇట్టి జాతుల పేర్లను చెరసాలల నిబంధనలలో నేరమునకు జతపరచుట తప్పని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తీర్పు చెప్పవలసివచ్చెను. చట్టము పోయి డెబ్బదిరెండేండ్లు గడచినను, మాట అక్కడనే యుండెను.

ఇంకొక సంగతి మనము వినయముతో జ్ఞాపకము చేసికొనవలెను. 1970 తరువాతి సంవత్సరములలో స్టువర్టుపురమునకు వెళ్లి, దొంగలని పేరుపడినవారి యిండ్లలో కూర్చుండి మాటలాడి, వారు క్రొత్త జీవనము ప్రారంభించుటకు పాటుపడినవారు హేమలతా లవణం గారును, ఆమె భర్త లవణం గారును. ఆమె మన జాషువ కవిగారి కుమార్తె. ఆయన నాస్తికులైన గోరాగారి కుమారుడు, తానును నాస్తికుడు. గాయపడినవాని ప్రక్క యాజకుడును లేవీయుడును దాటిపోగా సమరయుడు ఆగెనని మన ప్రభువు చెప్పిన ఉపమానము ఇక్కడ ఎవరికి గుర్తురాదు?

కారణము వేరు, సాకు వేరు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. శరీరము, పెంపకము, సావాసము – ఈ మూడింటిలోను కొంత నిజమున్నయెడల నేరస్థునిది తప్పేమి? అంతయు అతనిచేత చేయింపబడినదని విడువవలెనా?

అట్లు కాదు. ఒక విధవరాలి మేకను ఎవడో ఎత్తుకొనిపోయెననుకొనుడి. ఆ పాలు అమ్మి ఆమె మనుమనికి బడి పుస్తకములు కొనవలెను. “వాని బాల్యము కష్టమైనది” అని ఆమెకు చెప్పి వచ్చినయెడల ఆమె మేక తిరిగి రాదు. కారణము తెలిసినంతమాత్రమున నష్టము తీరదు. నేరస్థునికిని అది మేలు కాదు. నీకు వేరు గతి లేదని ఒకనితో చెప్పుట, నీవు మనుష్యుడవు కావని చెప్పుటయే. లోంబ్రోసో ఈసడించుచు చెప్పినదానిని మనము జాలితో చెప్పినను ఫలము ఒక్కటే. వాడు మారగలడను ఆశను తీసివేసితిమి.

యెహెజ్కేలు దినములలో ప్రజలు ఒక సామెత చెప్పుకొనుచుండిరి. తండ్రులు పుల్లని ద్రాక్షలు తినగా పిల్లల పండ్లు పులిసెనని దాని భావము. దేవుడు ఆ సామెతను ఇకమీదట పలుకవద్దనెను. తండ్రి దుష్టుడైనను కుమారుడు నీతిగా నడిచినయెడల బ్రదుకుననియు, నీతిమంతుని కుమారుడు దుష్టుడైనయెడల తండ్రి నీతి వానిని కాపాడదనియు ఆ అధ్యాయము తెలుపుచున్నది. ఎరుకల తల్లి కుమారునికిని సంఘపెద్ద కుమారునికిని అక్కడ కొలత ఒక్కటే.

గొల్గొతాలో ఇద్దరు నేరస్థులు వ్రేలాడిరి. ఇద్దరికిని శిక్ష ఒక్కటే. ఐనను ఒకడు దూషించెను, ఒకడు తన తప్పును ఒప్పుకొని ప్రభువుతట్టు తిరిగెను. ఏ శాస్త్రము కొలువలేని మలుపు అది. బహుశః శాస్త్రము చెప్పు కారణములన్నియు ఆ దొంగ సిలువవరకు వచ్చిన దారిని మనకు చూపగలవు. చివరి గడియలో తల ఎటు త్రిప్పుకొనవలెనో వానికే విడువబడెను.

కయీనును గూర్చియు తలంచుడి. అతడు తమ్ముని చంపెను. దేవుడు అతని తప్పును దాచలేదు, శిక్షను మానలేదు. అయితే అతనిమీద ఒక గురుతు వేసెను. ఆ గురుతు ఎందుకు? కనబడినవాడెవడును అతనిని చంపకుండునట్లు. మనుష్యులు వేయు గురుతు పట్టుకొనుటకు. దేవుడు వేసిన గురుతు కాపాడుటకు. పోలీసు పుస్తకములోని వ్రేలిముద్రకును కయీను గురుతునకును ఇంత భేదమున్నది.

మనమేమి చేయవలెను?

దావీదు పేదవాని గొఱ్ఱెపిల్లను దొంగిలించిన ధనవంతుని కథ విని మండిపడెను. ఆ మనుష్యుడు తానేయని నాతాను చెప్పువరకు తెలిసికొనలేదు. మనకు ఇతరుల తప్పు పెద్దగా కనబడును, దాని కారణము కనబడదు. మన తప్పుకు కారణము వెంటనే దొరకును, తప్పు కనబడదు. దీనిని తలక్రిందులు చేయుటయే క్రైస్తవుని మార్గమని మా తలంపు. ఇతరుడు పడినప్పుడు కారణమును వెదకుదము. మనము పడినప్పుడు తప్పును ఒప్పుకొందము.

చేయవలసిన పనులు పెద్దవి కావు. జాతి పేరును తిట్టుగా వాడుట మన నోట ఆగవలెను. పిల్లలు మనయొద్దనే నేర్చుకొందురు. వస్తువు పోయినప్పుడు విచారింపకముందు ఒకనివైపు చూడరాదు. చెరసాలకు పోయినవాని భార్యాబిడ్డలను సంఘము దర్శింపవలెను. ఆ బిడ్డల బడి ఆగిపోకుండ చూడవలెను. విడుదలై వచ్చినవానికి ప్రార్థన చేసి పంపుట చాలదు. కూలిపని ఇచ్చువారు ఒకరు కావలెను. దొంగిలించినవాడు నష్టము తీర్చవలెను. తీర్చిన తరువాత ఆ మాట మరల ఎత్తరాదు. జక్కయ్య నాలుగంతలు ఇచ్చెదననిన తరువాత ప్రభువు అతని పాత లెక్కలు అడుగలేదు.

మొదట చెప్పిన సంగతి ఇంకను ముగియలేదు. పెద్ద కుమారుని సంఘమునుండి వెలివేయవలెనా అని కూడుకొనిన దినమున ఆ ఎరుకల తల్లి వెనుకనుండి లేచెను. “అయ్యా, ఆ బాబును గుడికి రావద్దనకండి. మావాడు రాకుండాపోయిన బాధ నాకు తెలుసు” అని చెప్పి కూర్చుండెను. ఎవరికిని తల ఎత్తుటకు ముఖము లేకపోయెను. ఆ పిల్లవానిని వెలివేయలేదు. అతడు బస్తా వెల చెల్లించి నేడు గుడికి వచ్చుచున్నాడు. ఆమె కుమారుడు మాత్రము రాలేదు. అతనియొద్దకు ఇంతవరకు ఎవరును వెళ్లలేదు.

చదువరులారా, ఇది మేమెరిగిన సంఘమని వ్రాసితిమి. అది మా సంఘమే. ఆ ఉదయమున మేమును గుడిలోనుంటిమి. అందరితోపాటు మా చూపును వెనుక వరుసవైపు తిరిగెను. ఇంత వ్రాసినవారము ఆ ఇంటి గడప ఎక్కి, తప్పైనదని ఆ యువకునితో చెప్పకుండ ఉండుటకు మాకు కారణములేమియు లేవు. సాకులు మాత్రమే యున్నవి. వచ్చు ఆదివారము ఆరాధన ముగియగానే వెళ్లుటకు నిశ్చయించుకొంటిమి. మీ ఊరిలో మీరు వెళ్లవలసిన గడప ఏదో మీకు తెలిసియుండును. వెళ్లుటకు ప్రభువు మనకందరికిని ధైర్యము ననుగ్రహించును గాక. ఆమేన్.